చుక్కల అద్దాలు

చిత్తూరు,
ఆదివారం, మధ్యాహ్నం.

షబ్రీన్ వాళ్ళ అబ్బాకు,

ఫిర్దోస్ సలాం చెప్పి రాస్తున్నది. ఇక్కడ నేను, అత్తమ్మ, షబ్రీన్ ముగ్గురం అల్లా దయవల్ల తింటూ తిరుగుతూ బాగానే ఉన్నాం. కువైట్‌లో మీరు, మీ రూములోవాళ్ళు కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. మీరు జానీ బాషా చేతికిచ్చి పంపిన ఉత్తరం, ట్యాబు, అత్తమ్మ మోకాళ్ళ నూనె అన్నీ భద్రంగా అందాయి. నూనె సీసా ఆమె తలగడ కింద దాచుకుంది, నాకు వాసన కూడా తగలనివ్వడం లేదు. జానీ బాషా సెలవు అయిపోయి ఎల్లుండి బయలుదేరుతున్నాడు. కారప్పొడి, మామిడి తాండ్ర, ఈ ఉత్తరం అతని సంచిలో పెడుతున్నాను. తాండ్ర రూములో అందరికీ పంచండి. ఉత్తరం మాత్రం మీరొక్కరే చదవండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. అన్నిటికంటే పెద్ద ప్రశ్న సైటు. షబ్రీన్ పేరు మీద సైటు వచ్చిందట కదా, ఏ పక్క, రోడ్డుకు ఆనుకునా లోపలికా, తూర్పు ముఖమా అని పేజీ నిండా రాశారు. ఆ సంతోషంలో రూములో అందరికీ ఖర్జూరాలు పంచారని జానీ బాషా చెబితే నాకు నవ్వాగలేదు. నవ్వాక మీ మీద జాలేసింది. ఆ రోజు ఫోనులో అత్తమ్మ "షబ్రీన్‌కు సైట్ వచ్చిందిరా నిస్సార్" అన్నది. అంతలో లైను కట్టయింది. ఆమె చెప్పింది కంటి సైటు. ఇంటి స్థలానికి అర్జీ పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న మనిషికి ఆ మాట వింటే కళ్ళెందుకు గుర్తొస్తాయి, నేలే గుర్తొస్తుంది. చూపు తగ్గినదాన్ని పట్టుకుని 'వచ్చింది' అనడం మన జనానికి అలవాటు, మిమ్మల్ని అనేందుకేమీ లేదు.

తర్వాత మీరు ఫోను చేసినప్పుడు "అది కళ్ళ సైటు, అద్దాలు పెట్టించినాను" అని ఒక్క ముక్కలో చెప్పేశాను. మీరు "అంత చిన్నబిడ్డకా? మామూలు అద్దాలు కాదంటనే, ఏందవి?" అని అడిగి, జవాబు వినకుండానే ఫోను పెట్టేశారు. ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను.

ఈ సంగతి కనిపెట్టింది షబ్రీన్ బడిలో పంకజాక్షి మేడం. ఒకరోజు నన్ను పిలిపించి, "ఏమమ్మా, నీ కూతురు బోర్డు సూసి రాయదు, పక్కన రూపశ్రీ పుస్తకం సూసి రాస్తాది. రూపశ్రీ యాడ తప్పు రాస్తే ఈ పిల్లా ఆడే తప్పు రాస్తాది. బద్ధకమనుకుని రెండు మాట్లు తిట్టినాను. నిన్న ముందు బెంచీలో కూసోబెడితే అంతా సరిగ్గా రాసింది. కళ్ళు సూపించు" అన్నది. తిట్టినందుకు ఆమెకే బాధగా ఉన్నట్టుంది, వెళ్ళేటప్పుడు షబ్రీన్ చేతిలో చాక్లెట్ పెట్టింది.

తెల్లారే ముగ్గురం బస్సెక్కి తిరుపతిలో కంటి ఆసుపత్రికి పోయాం. అత్తమ్మను రావద్దన్నాను. "నా మనవరాలి కండ్లు నేను లేకుండా ఎట్లా సూస్తారు" అని చెప్పులేసుకుని ముందే గడప దాటి నిలబడింది. అక్కడ షబ్రీన్ కంట్లో చుక్కల మందు వేసి, కూర్చోబెట్టి, మళ్ళీ చూశారు. కంటిగుడ్డు పొడవు కొలిచే మిషను కూడా ఉంది. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. తొమ్మిదేళ్ళ బిడ్డకు ఇది ఎక్కువ నంబరే, ఇప్పటికిప్పుడు వచ్చింది కాదు, రెండు మూడేళ్ళ నుంచి పెరుగుతూ వచ్చి ఉంటుంది అని చెప్పింది. కన్నతల్లిని, ఇంట్లో నా ఎదురుగా తిరిగే బిడ్డకు దూరం కనబడటం లేదని నాకు తెలియలేదు. దూరంగా ఉన్న మీకు, ఎదురుగా ఉండి కూడా కనిపెట్టలేదే అనుకునే బాధైనా లేదు.

మీరడిగిన ఆ అద్దాల సంగతి డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఇట్లా సైటు వచ్చిన పిల్లల్లో కంటిగుడ్డు వెనక్కి సాగుతూ ఉంటుందట. ఒళ్ళు పెరిగే వయసు కాబట్టి అదీ సాగుతుంది, దానితోపాటు నంబరు పెరుగుతుంది. మామూలు అద్దాలు పెడితే దూరం బాగా కనిపిస్తుంది, కానీ కన్ను సాగడం సాగుతూనే ఉంటుంది. ఈ అద్దాల్లో నడిమి భాగం మామూలుగానే ఉంటుంది. దాని చుట్టూ వరసలు వరసలుగా చిన్న చిన్న బొడిపెలుంటాయి, నేరుగా చూస్తే కంటికి ఆనవు. నడుమ నుంచి చూసింది స్పష్టంగా కనిపిస్తుంది. చుట్టూ వచ్చే వెలుతురును మాత్రం ఆ బొడిపెలు కంటి వెనక తెర దాకా పోనివ్వకుండా కొంచెం ముందే నిలుపుతాయి. ఇక సాగాల్సిన పని లేదని కంటికి అట్లా తెలుస్తుందట. నేను కుట్టుపనిదాన్ని కాబట్టి నాకు ఇలా అర్థమైంది. పెరిగే పిల్లకు ఏడాదికోసారి గౌను మడత విప్పి పొడుగు చేస్తాం కదా, మామూలు అద్దాలు మార్చడం అట్లాంటిది. ఇవి ఆ పెరుగుదలనే కాస్త పట్టి ఉంచాలని చూస్తాయి.

"ఇవి పెట్టుకుంటే సైటు పోతాదా అమ్మా?" అని అత్తమ్మ అడిగింది.

"పోదమ్మా. ఉన్నది తగ్గదు. పెరిగేది నెమ్మదిస్తాది, అంతే. అందరు పిల్లలకూ ఒకేమాదిరిగా పని చెయ్యదు. కొందరికి బాగా, కొందరికి కొంచెం. ఆరునెల్లకోసారి కొలిస్తేగానీ నేనైనా చెప్పలేను" అన్నది డాక్టరమ్మ.

"తగ్గనిదానికి ఇంత దుడ్డు పోసి ఎందుకు కొనాల?" అని అత్తమ్మ నా వైపు తిరిగింది. ఆమె అన్నదాంట్లో తప్పులేదు, నాకూ అదే అనిపించింది. అప్పుడు డాక్టరమ్మ, నంబరు మరీ పెద్దదైతే పెద్దయ్యాక కంటి వెనక తెరకు చేటు వచ్చే అవకాశం ఎక్కువని, అది చిరిగితే ఏ అద్దాలూ చూపు తెచ్చివ్వలేవని చెప్పింది. లాగి లాగి పలచబడిన గుడ్డ ఎక్కడ చిరుగుతుందో నాకు తెలుసు. వెంటనే ఒప్పుకున్నాను. మిమ్మల్ని అడగకుండా ఒప్పుకున్నానని మీకు కోపం రావచ్చు. రానివ్వండి, ఈ ఒక్క విషయంలో పడతాను.

అద్దాలు వచ్చిన రోజు తిరుగు ప్రయాణంలో చూడాల్సింది మీ కూతుర్ని. తిరుపతి బస్టాండు నుంచి చిత్తూరు దాకా దారిపొడుగునా బోర్డులు చదవడమే పని. చంద్రగిరి, కాశిపెంట్ల, నాటుకోడి భోజనం, టైర్లకు గాలి కొట్టబడును, ఒకటీ వదల్లేదు. ఒక గోడ మీద రాసింది గొంతెత్తి చదివి, "మూలశంక అంటే ఏంది దాదీ?" అని అడిగింది. బస్సంతా నవ్వింది. అత్తమ్మ ముసుగు ముఖం మీదికి లాక్కుని, "నిద్రపోతాండానని సెప్పు" అని నా చెవిలో అన్నది. నాకు నవ్వుతోపాటు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. ఇదే దారిలో ఈ బిడ్డను ఎన్నిసార్లు తిప్పానో, ఈ రాతలు ఒక్కటీ ఆమెకు కనబడలేదన్నమాట.

ఇక అద్దాల తిప్పలు. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ముక్కు మీద ఉండాలి, కనుపాప సరిగ్గా అద్దం నడుమకు రావాలి. మీ ఇంటివాళ్ళ ముక్కు సంగతి మీకు తెలుసు కదా, అక్కడ ఏదీ నిలవదు. రెండడుగులేస్తే ఫ్రేము జారి ముక్కు కొసకు వస్తుంది, ఈమె పైనుంచి చూస్తుంది. అట్లా చూస్తే అద్దాలు పెట్టుకోనట్టే. మళ్ళీ తిరుపతి పోయి చెవుల వెనక పట్టు వేయించుకొచ్చాను. మొదట్లో పక్కకు చూస్తే మసకగా ఉందని ఏడ్చింది. ఇప్పుడు కళ్ళు తిప్పకుండా మెడ తిప్పి చూడటం నేర్చుకుంది. ఎవరైనా పిలిస్తే తల మొత్తం తిప్పి నిదానంగా చూస్తుంటే చిన్న తాసిల్దారులా ఉంది.

అత్తమ్మ చేసిన ఘనకార్యం కూడా రాయాలి. ఒకరోజు షబ్రీన్ స్నానానికి పోయినప్పుడు ఆ అద్దాలను వెలుతురుకు వాలుగా పట్టి చూసిందట. అట్లా పడితే చుక్కలు కనిపిస్తాయి. తాలింపు చిటపటలు పడ్డాయనుకుంది. తుడిస్తే పోలేదు. నేను వంటింట్లోకి వచ్చేసరికి ఒక చేతిలో అద్దాలు, ఇంకో చేతిలో గిన్నెలు తోమే పీచు, దాని మీద సబ్బు! ఒక్క అరుపు అరిచి లాక్కున్నాను. "ఆ అంగిడోడు నిన్ను మోసం చేసినాడే, గీతలు పడిన అద్దాలు అంటగట్టినాడు సూడు" అని నా మీదే కేకలేసింది. ఆ చుక్కల కోసమే కొన్నామని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు మాత్రం వీధిలో వాళ్ళందరికీ తానే చెబుతోంది, "మామూలు అద్దాలు కాదు, సుక్కల అద్దాలు" అని.

మీ మిగతా ప్రశ్నలు. అత్తమ్మ బీపీ అదుపులోనే ఉంది, ఊరగాయ విషయంలో ఆమె అదుపులో లేదు. షబ్రీన్ అరబీ చదువు బాగా సాగుతోంది. చదువు చెప్పే హజ్రత్‌తో మాట్లాడి, పుస్తకం రెహల్ చెక్క మీదే పెట్టి చదివించమన్నాను, ముఖానికి ఆనించుకోకుండా. నా కుట్టుపని ఎప్పటిలాగే ఉంది.

మిగిలింది సిగ్నలు ప్రశ్న. "ఏమైంది అక్కడ, టవరు చెడిపోయిందా, సిమ్ము మార్చినారా, వీడియో కాల్ పెడితే చాలు కట్టయిపోతాంది, ముఖం చూసి ఎన్నాళ్ళయిందో" అని రాశారు. ట్యాబు కూడా అందుకే పంపారు. దాంట్లో మీ ముఖం పెద్దగా కనిపిస్తుందని, రోజూ పడుకునేదాకా పక్కనే పెట్టుకోమని షబ్రీన్‌కు చెప్పమన్నారు. ఆ మాట నేను ఇంకా చెప్పలేదు. ట్యాబు బీరువాలో నా పెళ్ళిచీరల కింద ఉంది.

మొన్న జానీ బాషా టీ తాగుతూ, "వదినా, ఈడ సిగ్నలు బానే ఉండాదే! నా ఫోన్లో ఆడ మా ఫ్రెండ్సుతో వీడియో మాట్లాడినాను, సినిమామాదిరి కనిపించినారు. నిస్సారన్న ఏమో ఈడ టవరే లేదని బాధపడతాండాడు" అన్నాడు. నేను కప్పులు తీసుకుని లోపలికి పోయాను. అతను కువైట్‌లో దిగగానే మీకు అదే చెబుతాడు. ఇంకొకరి నోటి వెంట వినేకంటే నా నోటి వెంటే వినండి. ఇక్కడ సిగ్నలు బాగానే ఉంది. ఎప్పుడూ బాగానే ఉంది. కట్ చేస్తున్నది నేను. అత్తమ్మ సైటు మాట చెబుతుండగా లైను పోయింది కదా, అదీ నేనే. మీరు "షబ్రీన్‌కు ఇవ్వు, వీడియో పెడతా" అంటారని తెలిసి, ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని ఆపేశాను.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఒకటి పైన రాయకుండా దాటేశాను. "ఇంట్లో ఏందమ్మా, ముఖానికి దగ్గరగా పెట్టుకుని సూస్తా ఉంటాది? టీవీనా, ఫోనా, బొమ్మల పుస్తకమా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ చెప్పేసింది, "వాళ్ళబ్బాను సూస్తాదమ్మా."

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగింది. రోజూ జరిగేదంతా అత్తమ్మే సంబరంగా చెప్పింది. మీరు డ్యూటీ దిగి ఫోను పొయ్యి పక్కన నిలబెట్టి కూర వండుకుంటారని, ఇక్కడ బిడ్డ బోర్లా పడుకుని ఫోను ముక్కుకు ఆనించుకుని హోంవర్కు, అన్నం, కబుర్లు అన్నీ మీతోనే అని, ఆ వెలుతురులోనే నిద్రపోతుందని. వీధిలో పిల్లలు ఆటకు పిలిచినా పోదు, అబ్బా ఫోను వస్తుందని కూర్చుంటుంది. డాక్టరమ్మ మిమ్మల్ని ఒక్క మాటైనా అనలేదు. "ఫోను వల్లనే వచ్చిందని నేను సెప్పను. పుట్టుకతో వచ్చే గుణమూ ఉంటాది. కానీ దగ్గర చూపు తగ్గాల, రోజూ బయట వెలుతుర్లో ఆడాల. అద్దాలొక్కటే అంతా చెయ్యవు" అన్నది.

మీకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. రోజంతా ఒకరి పిల్లల్ని కారులో బడికి తీసుకుపోయి తీసుకొచ్చే మనిషికి, రాత్రి తన బిడ్డ ముఖం చూసుకోవద్దని ఏ నోటితో చెప్పను? చెబితే ఆ క్షణమే మానేస్తారని తెలుసు. మానేసి, బిడ్డ కళ్ళు నేనే చెడగొట్టానని కుమిలిపోతారనీ తెలుసు. అందుకే నేరం టవరు మీదికి తోశాను. షబ్రీన్‌కు కూడా అదే చెప్పాను. ఒక సాయంత్రం ఇంట్లో కనిపించకపోతే వెతుక్కుంటూ మిద్దె మీదికి పోయాను. నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి, రెండు చేతులతో ఫోను ఆకాశానికి ఎత్తి పట్టుకుని ఉంది. "ఈడ వస్తాదేమో సూస్తాండా అమ్మీ" అన్నది. ఇంకెవరికైనా సరే అబద్ధం చెప్పొచ్చుగానీ, ఇట్లా వెతికేవాళ్ళకు చెప్పకూడదు. ఆ రోజే ఆమెకు నిజం చెప్పేశాను. తిట్టలేదు, ఏడవలేదు. "అబ్బా ఫోన్లో చిన్నగా ఉంటాడమ్మీ, దగ్గరగా పెట్టుకుంటేనే కనపడతాడు" అన్నది.

మీ ఇద్దరినీ వేరు చేయాలని నాకు లేదు. నేను అనుకున్నది చెబుతాను, నచ్చకపోతే మార్చండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ అరబ్బు ఇంట్లో అందరూ పడుకుంటారు కదా, అప్పుడు ఇక్కడ సాయంత్రం ఎండ ఉంటుంది. ఆ వేళకు మామూలు ఫోను చేయండి, వీడియో వద్దు. షబ్రీన్‌ను బడి పక్కన గ్రౌండుకు తీసుకుపోతాను. చెవిలో మీ గొంతు, కళ్ళ ముందు దూరం. ఏం కనిపిస్తోందో మీకు చెబుతూ తిరుగుతుంది. శుక్రవారం మాత్రం ట్యాబు బయటికి తీసి, అలమారా మీద నిలబెట్టి, మేం ముగ్గురం ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంటాం. మీ ముఖం పెద్దగా, దూరంగా కనిపిస్తుంది. మీరు పంపింది వృథా కాదు.

ఇంకొక్క మాట ఉంది. ఇది మీరు ఎప్పుడూ నాతో మనసు విప్పి అనలేదు, నేనూ అడగలేదు. పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు మద్రాసు ఎయిర్‌పోర్టులో మీరు తలుపు దగ్గర్నుంచే చెయ్యి ఊపారు. షబ్రీన్ కడ్డీ పట్టుకుని మీవైపే చూస్తూ నిలబడిందిగానీ కదల్లేదు, నవ్వలేదు. మీరు పేరు పెట్టి పిలుస్తూ బాగా దగ్గరికి వచ్చాకగానీ ఎగిరి మెడకు చుట్టుకోలేదు. కారులో మీరు నవ్వుతూ, "నా బిడ్డ నన్ను మర్సిపోయినాది" అన్నారు. అని, చిత్తూరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశారు. తిరిగి వెళ్ళాక మొదలుపెట్టారు ఈ రోజువారీ వీడియో. ఎందుకు మొదలుపెట్టారో నాకు తెలుసు.

నిన్న షబ్రీన్‌ను అడిగాను, ఆ రోజు అబ్బాను చూసి ఎందుకు పరుగెత్తలేదని. ఆమె చెప్పింది ఇది. "తలుపు కాడ అందరూ ఒకేమాదిరి మసకమసకగా ఉండిరి అమ్మీ. అబ్బా ఎవురో తెలీలేదు. గొంతు ఇనబడినాకే తెలిసింది."

బిడ్డ మిమ్మల్ని మర్చిపోలేదు. ఆమెకు మీరు కనబడలేదు. అంతే జరిగింది. ఇన్నాళ్ళు మనసులో పెట్టుకుని మోసింది ఇప్పుడు దించేయండి. ఈసారి వచ్చినప్పుడు దగ్గరికి వచ్చి పిలవకండి. తలుపు దగ్గరే ఆగి, చెయ్యి ఎత్తండి, చాలు.

ఇట్లు,
మీ రాక కోసం చూసే
షబ్రీన్ వాళ్ళ అమ్మీ,
ఫిర్దోస్.